కిటికీ పక్క ఎర్రచుక్క

జూలై 8, సోమవారం

చాలాకాలం తర్వాత ఈ డైరీ మళ్ళీ తీశాను. ఎవరితోనైనా చెప్పుకుంటే, కొత్తది నేర్చుకోవడం చేతకాక ఏడుస్తోంది అంటారు. ఇందులో రాసుకుంటే ఆ గొడవ లేదు.

ఇవాళ నా ఎనిమిదో తరగతి గదిలో గోడకి పెద్ద తెర బిగించారు. దాని కోసం నల్లబల్లని పక్కకి నెట్టారు. సగం బల్ల బీరువా వెనక దాక్కుంది. పిల్లలకి తలా ఒక ట్యాబ్ ఇచ్చారు. కంపెనీ నుంచి వచ్చిన ట్రైనరమ్మాయి మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి శిక్షణ ఇచ్చింది. ఆ పిల్ల మాట్లాడినంతసేపూ నవ్వుతూనే ఉంటుంది, బుగ్గలు నొప్పెట్టవేమో.

సంగతి ఏమిటంటే, నేను చెప్పే పాఠం బొమ్మలతో సహా పిల్లల ట్యాబుల్లోకి వెళుతుంది. వాళ్ళు దాని మీద చప్పట్ల బొమ్మ నొక్కచ్చు, ‘అర్థమైంది’ అని నొక్కచ్చు, మధ్యమధ్యలో వచ్చే ప్రశ్నలకి జవాబు నొక్కచ్చు. నొక్కుతున్నంతసేపూ తెర మీద వాళ్ళ పేరు పక్కన చుక్క పచ్చగా ఉంటుంది. కాసేపు ఊరుకుంటే పసుపు, ఇంకా ఊరుకుంటే ఎరుపు. ఎరుపు వచ్చిందంటే అమ్మానాన్నల ఫోనుకి మెసేజ్ దానంతటదే వెళ్ళిపోతుంది.

“ఇక ఎవరు వింటున్నారో మీరు ఊహించుకోనక్కర్లేదు మేడమ్” అంది ట్రైనరమ్మాయి.

ఇన్నేళ్ళూ నేను ఊహించుకుంటున్నానా? పిల్లల మొహం చూస్తే తెలిసిపోదూ? అడుగుదామనుకున్నాను. మిగతావాళ్ళంతా బుద్ధిగా తలూపుతుంటే నేనూ ఊపి వచ్చాను.

జూలై 11

ఉన్నమాట చెప్పుకోవాలి. ఇవాళ బాగుంది.

నీడల పాఠం. తెర మీద దీపాన్ని వేలితో జరిపితే నీడ సాగుతోంది, కుంచించుకుపోతోంది. చివరి బెంచీలో ఉండే మహానుభావులు ఈ ఏడాది మొదటిసారి నిద్ర లేచారు. ఒకడు దీపాన్ని నడినెత్తికి తెచ్చి నీడని మాయం చేసి, ఏదో గెలిచినట్టు చూశాడు. తెర నిండా పచ్చచుక్కలు. నాకూ హుషారొచ్చింది, గొంతు లేచింది.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్తే, మనింట్లో కూడా ఒకటి పెట్టించు, నేను వింటున్నానో లేదో నీకు తెలుస్తుంది అన్నారు. మీది ఎప్పుడూ ఎరుపేనండీ, దానికి తెర ఎందుకు దండగ అన్నాను. పేపరు తిప్పుకుంటూ ఊఁ అన్నారు.

జూలై 15

తెర మీద ఒక్క ఎర్రచుక్క ఉంది. నా కిటికీది.

ఆ పిల్లకి కిటికీ అని పేరు నేనే పెట్టుకున్నాను, మనసులో. పోయినేడు నుంచీ అదే చోటు, గోడవైపు రెండో బెంచీ, కిటికీ పక్కన. పాఠం మొదలైతే చాలు మొహం బయటికి తిప్పేస్తుంది. బయట చూడ్డానికి ఏముంది, సైకిళ్ళ షెడ్డు, నీళ్ళ ట్యాంకు. పోయినేడు మొదట్లో ఒళ్ళు మండి లేపి నిలబెట్టాను. నేను చెప్పిందంతా, దగ్గుతో సహా, అప్పజెప్పింది. మొహం చూస్తే మాటలు సరిగా వినపడవు మేడమ్ అంది. నవ్వొచ్చింది. ఆ తర్వాత ఎన్నడూ దాని జోలికి పోలేదు.

వారానికోసారి ఏదో అడుగుతుంది. అడిగిందంటే ఆ పూట నాకు అన్నం సయించదు, జవాబు వెతుక్కుంటూనే ఉంటాను. ఇవాళ నీడల పాఠం అయిపోయి అందరూ సంచులు సర్దుకుంటుంటే నా బల్ల దగ్గరికి వచ్చింది.

“మేడమ్, అయితే రాత్రి అంటే భూమి నీడలో మనమంతా కూర్చోవడమేనా?”

ఎన్నిసార్లు చెప్పానో ఈ పాఠం. నాకెప్పుడూ ఇలా తట్టలేదు. అవునమ్మా అన్నాను. తల ఊపి వెళ్ళిపోయింది.

అప్పటికీ తెర మీద దాని చుక్క ఎర్రగానే ఉంది. యంత్రానికి పిచ్చి అనుకున్నాను.

జూలై 22, సోమవారం

మీటింగు. హెడ్మాస్టరు గారు కొత్త పద్ధతి చదివి వినిపించారు. ఈ టర్ము నుంచి పరీక్ష మార్కులు సగం, చుక్కలు సగం. రెండూ కలిపి తక్కువొచ్చిన పిల్లల్ని టర్ము చివర సి సెక్షన్‌కి మారుస్తారు. సి సెక్షన్ అంటే ఏమిటో అందరికీ తెలుసు. అక్కడ సైన్సంటే పుస్తకం పైకి చదివించడమే, ల్యాబ్ ఉండదు. అందులోకి వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం నేను చూడలేదు.

కిటికీకి పరీక్షల్లో వచ్చేవి అంతంతమాత్రం మార్కులు. ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోయి రాస్తూ ఉంటుంది, మిగతా పేపరు తెల్లగా ఇచ్చేస్తుంది. ఇప్పుడు దీనికి ఈ ఎర్రచుక్కలు తోడయ్యాయి.

అందరూ వెళ్ళాక ఆయన గదిలోకి వెళ్ళి చెప్పాను. ఆ పిల్ల అందరికంటే బాగా వింటుంది సార్ అన్నాను. ఆయన చెడ్డమనిషి కాదు, ఓపిగ్గా విన్నారు. విని తన కంప్యూటరు నా వైపు తిప్పి చూపించారు. ఎరుపు, ఎరుపు, ఎరుపు.

“వింటోందని మీకు తెలుసు మేడమ్. నేను పైవాళ్ళకి ఏం చూపించను?”

లేచి వచ్చేశాను.

జూలై 24

కిటికీ వాళ్ళమ్మ వచ్చింది. లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. పని మధ్యలో వచ్చినట్టుంది, చేతి వేళ్ళు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. నా ముందు కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు. ఫోను తీసి చూపించింది. ‘మీ అమ్మాయి తరగతిలో పాల్గొనడం లేదు.’ నా పీరియడ్ ఉన్నప్పుడల్లా వస్తోందట. ఫోను మోగినప్పుడల్లా ఇస్త్రీపెట్టె దించి చూడాలి, నిన్న ఎవరిదో చొక్కా కాలిందట. ఓనరు ఇంకోసారి ఇలా అయితే రావద్దన్నాడట.

“మేడమ్ గారూ, ఒక్కమాట నిజం చెప్పండి. నా కూతురు మొద్దా?”

కాదమ్మా, మీ అమ్మాయి బంగారం అన్నాను. మరి ఇదేంటి అని ఫోను చూపించింది. అది తప్పమ్మా అన్నాను. బడి వాళ్ళే పంపించి, బడి వాళ్ళే తప్పంటే ఎట్లా మేడమ్ అంది.

నేను మాట్లాడతాలెండి అన్నాను. ఎవరితో మాట్లాడాలో నాకే తెలియదు.

జూలై 25

ఎరుపు.

జూలై 29

ట్రైనరమ్మాయికి ఫోన్ చేశాను. ఏమీ నొక్కకుండా వినేవాళ్ళుంటారు కదా, వాళ్ళ సంగతేంటి అన్నాను. టచ్ ఉంటేనే సిస్టమ్‌కి తెలుస్తుంది మేడమ్ అంది. వినడానికి బటన్ లేదా అన్నాను. ఫోన్లో కూడా ఆ పిల్ల నవ్వు వినిపించింది. చాలా మంచి సూచన మేడమ్, పైకి పంపిస్తాను అంది.

ఈ పైన ఎవరుంటారో గానీ, అందరూ అక్కడికే పంపిస్తారు.

ఆగస్టు 5, సోమవారం

లెక్కల మాస్టారి గది నా గది పక్కనే. ఆయన క్లాసులో మొదటిరోజు నుంచీ అన్ని చుక్కలూ పచ్చగానే ఉన్నాయి. మీటింగులో ఆయన పేరు చెప్పినప్పుడల్లా మీసం సవరించుకుంటారు. ఆ మధ్య ఆయనకి దగ్గు పట్టుకుంది. చూపించుకోమని నేను కూడా చెప్పాను, పాపమనిపించి.

ఇవాళ సుద్దముక్క కోసం వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాను. మాస్టారు బోర్డు మీద లెక్క వేస్తూ ఖళ్ళుమని దగ్గారు. పిల్లలందరి బొటనవేళ్ళూ ఒక్కసారిగా ట్యాబు మీద పడ్డాయి. తల ఎత్తినవాడు లేడు. కిటికీల దగ్గరున్నవాళ్ళు కబుర్లాడుతూనే నొక్కారు.

నన్ను చూసి ఆయన కంగారేం పడలేదు. బయటికొచ్చి, “నొక్కమన్నారు, నొక్కిస్తున్నాను. పాఠం సంగతి ఎవరైనా అడిగారా మేడమ్?” అన్నారు. ఆ గదిలో పాఠం ఎవరైనా వింటున్నారా మాస్టారూ అంటే, ఇదివరకు మాత్రం విన్నారా అని నవ్వి లోపలికి వెళ్ళారు.

మళ్ళీ దగ్గు వినిపించింది.

ఛీ, అనుకున్నాను. ఆ మాట ఇక్కడ రాసిపెట్టుకుంటున్నాను.

ఆగస్టు 7

టర్ము పరీక్షలు దగ్గరికొస్తున్నాయి. కిటికీని స్టాఫ్‌రూమ్‌కి పిలిచాను. మధ్యమధ్యలో ఊరికే ఒకసారి నొక్కమ్మా, నీ సొమ్మేం పోతుంది అన్నాను. తల వంచుకుని నిలబడింది.

“నొక్కితే తెగిపోతుంది మేడమ్.”

“ఏది?”

“మీరు చెప్పేది.”

పోనీ ప్రయత్నం చేస్తానంది. చేసింది కూడా. మొదట రెండుసార్లు నొక్కింది, తర్వాత చూపు నీళ్ళ ట్యాంకు మీదికి వెళ్ళిపోయింది, ఇక అంతే. పసుపు, ఎరుపు. అక్కడ లాండ్రీలో ఫోను మోగే ఉంటుంది.

ఆగస్టు 8

ఒక ఉపాయం తట్టింది. నేను కళ్ళజోడు ముట్టుకున్నప్పుడల్లా నొక్కమన్నాను. అంతే. ఎప్పుడు నొక్కాలా అని తను ఆలోచించుకోనక్కర్లేదు, ఆ బరువు నాది. తను హాయిగా వినచ్చు.

ఇది మాస్టారి దగ్గు లాంటిది కాదు. అక్కడ వినని పిల్లలు వింటున్నట్టు కనిపించడానికి. ఇక్కడ వినే పిల్ల వింటోందని చూపించడానికి. తేడా ఉంది.

ఆగస్టు 12

పచ్చ. పీరియడంతా పచ్చ.

ఇంకో విశేషం, పిల్ల ఇప్పుడు కిటికీ వైపు చూడటం లేదు. పాఠమంతా నా వైపే చూస్తోంది. కళ్ళప్పగించి మరీ. రెండేళ్ళలో మొదటిసారి పాఠం మధ్యలో దాని మొహం తిన్నగా చూశాను, ఎడమ కనుబొమ్మ మీద చిన్న మచ్చ ఉంది.

ఆగస్టు 14

సాయంత్రం గేటు దగ్గర వాళ్ళమ్మ కనిపించింది. దాన్ని తీసుకెళ్ళడానికి వచ్చింది. ఫోను మోగడం ఆగిపోయింది మేడమ్ గారూ, మీ చలవ అని రెండు చేతులూ పట్టుకుంది. ఓనరు కూడా మామూలుగా మాట్లాడుతున్నాడట. అమ్మ పక్కన నిలబడి పిల్ల నవ్వింది. నాకు కడుపు నిండిపోయింది.

ఆగస్టు 21

ఈ వారం ఏమీ అడగలేదు. పాఠం తేలికగా ఉందేమో.

ఆగస్టు 28

ఈ వారం కూడా అడగలేదు. పరీక్షల భయం అయి ఉంటుంది. నా వైపే చూస్తోంది మాత్రం, చూపు తిప్పకుండా.

సెప్టెంబరు 4

పరీక్షలు అయిపోయాయి. కిటికీ పేపరు దిద్దాను. ఈసారి ఏ ప్రశ్న దగ్గరా ఆగిపోలేదు. అన్నిటికీ రెండేసి ముక్కలు రాసింది, పుస్తకంలో ఉన్నట్టే. మార్కులు ఎప్పటికంటే కాస్త ఎక్కువే వచ్చాయి. పోయినేడు పేపర్లో తేమ గురించి ఒక్క ప్రశ్నకే మూడు పేజీలు రాసి, చివర ‘ఇంకా తెలియదు’ అని పెట్టింది. దానికి మార్కులు వేయలేక చచ్చాను.

ఇప్పుడు ఆ బాధ లేదు. మంచిదే కదా. పెద్దదవుతోంది.

సెప్టెంబరు 9, సోమవారం

సి సెక్షన్‌కి వెళ్ళేవాళ్ళ పేర్లు నోటీసు బోర్డులో పెట్టారు. కిటికీ పేరు లేదు. రెండుసార్లు చదివాను. లేదు.

పైగా హెడ్మాస్టరు గారు స్టాఫ్‌రూమ్‌కి వచ్చి, ఎరుపుని పచ్చగా మార్చడం ఎట్లాగో మేడమ్ గారిని చూసి నేర్చుకోండి అన్నారు. మిగతా టీచర్లకి వచ్చే నెల నేనే శిక్షణ ఇవ్వాలట. లెక్కల మాస్టారు నా వైపు చూసి, కళ్ళజోడు సర్దుకున్నట్టు చెయ్యి ముక్కు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయనకి కళ్ళజోడు లేదు.

నా మొహం మాడిపోయింది. ఇంటికొచ్చి మా ఆయనకి మంచి వార్త మాత్రమే చెప్పాను. నీకు తల ప్రాణం తోకకొచ్చిందే దీనితో, పోన్లే గట్టెక్కావు అన్నారు.

సెప్టెంబరు 11

కిటికీ గట్టెక్కింది కాబట్టి ఇక ఈ నాటకం అక్కర్లేదు. మధ్యాహ్నం దాన్ని పిలిచి, ఇక నొక్కకపోయినా ఫర్వాలేదమ్మా, నీ ఇష్టమొచ్చినట్టు కిటికీలోంచి చూసుకో అన్నాను. సంతోషిస్తుందనుకున్నాను.

“వద్దు మేడమ్. మళ్ళీ అమ్మ ఫోను మోగుతుంది.”

అమ్మతో నేను చెప్తాలే అన్నాను. అమ్మకి చెప్తే సరిపోదు మేడమ్, ఓనరుకి చెప్పాలి అంది. మాట మార్చడానికి, నిన్నటి పాఠంలో ఏం నచ్చింది అని అడిగాను. కంపనాల గురించి చెప్పాను నిన్న. తీగని మీటడం, గొంతు మీద చెయ్యి పెట్టి పలకడం, అన్నీ చేయించాను.

నిజంగానే గుర్తు తెచ్చుకోవాలని చూసింది. చివరికి, “నిన్న మధ్యలో ఒకసారి మీకు కళ్ళజోడు జారింది మేడమ్. ఊరికే ముట్టుకున్నారు. అయినా నొక్కేశాను” అంది.

చెప్పడానికి అదొక్కటే దొరికింది పిల్లకి.

సెప్టెంబరు 12

హెడ్మాస్టరు గారి గదికి మళ్ళీ వెళ్ళాను. ఆ ఒక్క పిల్లకి మెసేజ్ ఆపించండి సార్ అన్నాను. ఇప్పుడు పచ్చగానే ఉంది కదా, మెసేజే వెళ్ళదు కదా, ఇక ఆపడానికి ఏముంది అన్నారు. నిజమే. ఆయన మాటలో తప్పేమీ లేదు. ఉన్నదంతా చెప్పేద్దామనుకున్నాను. చెప్తే పిల్ల మార్కులన్నీ కొట్టేసి సి సెక్షన్‌కి పంపిస్తారు.

నోరు నొక్కుకుని వచ్చేశాను.

సెప్టెంబరు 13

కళ్ళజోడు తీసేసి పాఠం చెబుదామని చూశాను. పుస్తకం కనబడలేదు. పిల్ల ఎంత బెదిరిపోయిందో, మళ్ళీ పెట్టుకున్నాను.

సెప్టెంబరు 19, గురువారం

ఇవాళ్టిది రాయాలి.

ల్యాబ్‌లో ఒక పాత గాలిపంపు ఉంది. ఏళ్ళ తరబడి మూలపడి ఉంటే నేనే వాషరు మార్పించి క్లాసుకి తెచ్చాను. గాజుబుడ్డి లోపల చిన్న గంట వేలాడుతుంటుంది. బుడ్డిలో గాలి లాగేస్తే గంట మోగుతూనే ఉంటుంది గానీ చప్పుడు వినపడదు. ఈ ఒక్క ప్రయోగంతో ఆ పిల్ల మళ్ళీ కిటికీ వైపు తిరుగుతుందని ఆశపడ్డాను. ఒక్క ప్రశ్న అడిగితే చాలనుకున్నాను.

ట్యాబులోకి ఏ బొమ్మా పంపలేదు. బుడ్డిని బల్ల మీద పెట్టి, గంట మోగించి, పంపు కొట్టడం మొదలుపెట్టాను. చప్పుడు సన్నబడుతోంది. చివరి బెంచీ మహానుభావులు లేచి ముందుకొచ్చి నేల మీద కూర్చున్నారు. ఒకడు ఊపిరి బిగబట్టాడు. గంట నాలుక అటూ ఇటూ కొట్టుకుంటోంది, చప్పుడు లేదు. గదిలో చీమ చిటుక్కుమన్నా వినిపించేట్టుంది. చప్పుడు రావాలంటే మోసేదొకటి ఉండాలి అని చెబుతూ ఉంటే నాకే ఒళ్ళు ఝల్లుమంది. ఇన్నేళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. ఒక్కరి చెయ్యి కూడా ట్యాబు మీద లేదు.

ఒకసారి తల తిప్పి చూస్తే తెర అంతా పసుపు. తర్వాత ఎరుపు. మొత్తం ఎరుపు. నాకు నవ్వొచ్చింది. నిజంగా నవ్వాను.

తలుపు తోసుకుని హెడ్మాస్టరు గారు వచ్చారు, ఆయన వెనక ప్యూను. అందరి అమ్మానాన్నలూ ఆఫీసుకి ఫోన్లు చేస్తున్నారట. ఏమైంది మేడమ్, కరెంటు పోయిందా అన్నారు. లేదు సార్, వింటున్నారు అన్నాను. ఆయన తెర వైపు చూశారు, నా వైపు చూశారు. శిక్షణ మీరే ఇవ్వాలి కదా మేడమ్ అని మాత్రం అని వెళ్ళిపోయారు. పిల్లలు గబగబా చోట్లలోకి పోయి నొక్కడం మొదలుపెట్టారు.

బడి గంట కొట్టాక అందరూ వెళ్ళారు. కిటికీ వెళ్ళలేదు. నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. పంపు గొట్టం పీకుతున్నట్టు నటిస్తూ, దాన్ని తొందరపెట్టకూడదని తల ఎత్తకుండా ఉన్నాను. అడుగమ్మా, ఏమైనా అడుగు, నాకు తెలియనిది అడుగు అనుకుంటూనే ఉన్నాను.

చివరికి తల ఎత్తి చూశాను. కళ్ళ నిండా నీళ్ళు.

“మొదటి నుంచీ మిమ్మల్నే చూస్తున్నాను మేడమ్. ఒక్కసారి కూడా కళ్ళజోడు ముట్టుకోలేదు.”

గంట చూశావా అని అడిగాను. ఏ గంట మేడమ్ అంది.

బుడ్డి ఇంకా బల్ల మీదే ఉంది, మా ఇద్దరి మధ్యా. దాని వైపు చెయ్యి చూపించబోయి ఆగిపోయాను. అప్పటికే వాళ్ళమ్మ ఫోను మోగి ఉంటుంది. ఓనరు ఏమన్నాడో.

రేపు మర్చిపోనమ్మా అన్నాను.